సర్టిఫికెట్‌లో లేని ప్లాంట్ నుంచి వచ్చిన సరుకు: ఇండోనేషియా హలాల్ కాస్మెటిక్స్ సప్లై చైన్ మీద ఒక కేస్ స్టడీ

ఈ కేస్ వెస్ట్ జావాలో, జకార్తాకి తూర్పున ఉన్న చికరాంగ్ ఇండస్ట్రియల్ ఏరియాలోని ఒక మీడియం సైజు కాస్మెటిక్స్ ఫ్యాక్టరీది. వీళ్లకి సొంత బ్రాండ్ లేదు, వేరే బ్రాండ్ల వాళ్లకి చేసిపెడతారు, అక్కడ ఈ పద్ధతిని మక్లోన్ అంటారు, ఆన్‌లైన్‌లో పుట్టిన చిన్న స్కిన్‌కేర్ బ్రాండ్లు చాలావరకు ఇలాంటి చోటే తయారవుతాయి. మాయిశ్చరైజర్, సన్‌స్క్రీన్, సీరమ్, లిప్ టింట్, ఎక్కువగా ఇవే. నేను అక్కడ కొనుగోళ్లు, ప్లానింగ్ చూసే టీమ్‌లో పనిచేస్తున్నా. కంపెనీ పేరు, సప్లయర్ల పేర్లు రాయట్లేదు.

చెప్పాలనుకున్నది ముందే చెప్పేస్తా. కష్టం వచ్చాక ఎంత పరిగెత్తినా హలాల్ సప్లై చైన్ స్పీడ్ అందుకోదు, అప్పటికే అప్రూవ్ అయిన రెండో దారి చేతిలో ఉంటేనే కదులుతుంది. ఆ రెండో దారి కోసం తీరిక ఉన్నప్పుడే డబ్బు ఖర్చు పెట్టాలి, ఇంకా కొనని సరుకు కోసం కూడా పేపర్లు తెప్పించుకోవాలి, ల్యాబ్ టైమ్ కేటాయించాలి. ఇది పర్చేజ్ డిపార్ట్‌మెంట్ ఒక్కటే చేయగలిగే పని కాదు, పైన కూర్చున్నవాళ్లు ఒప్పుకోవాల్సిన పని, మా కథంతా ఆ ఒప్పించడం గురించే అనుకోండి.

రూల్స్ సంగతి కొంచెం తెలియాలి. ఇండోనేషియాలో 2014 నాటి 33వ నంబర్ చట్టం ప్రకారం దేశంలోకి వచ్చే, అమ్ముడయ్యే ప్రొడక్ట్‌లకి హలాల్ సర్టిఫికెట్ తప్పనిసరి, కాస్మెటిక్స్‌కి పెట్టిన గడువు 2026 అక్టోబర్ 17. సర్టిఫికెట్ ఇచ్చేది బీపీజేపీహెచ్ అనే ప్రభుత్వ సంస్థ, ఫ్యాక్టరీకి వచ్చి తనిఖీ చేసేది ఎల్‌పీహెచ్‌లు అనే తనిఖీ సంస్థలు, హలాలా కాదా అని మతపరంగా తేల్చేది ఎంయూఐ అనే ఉలేమాల (మత పండితుల) మండలి ఫత్వా కమిటీ. హరామ్, అంటే మతం నిషేధించిన పదార్థం ఉన్నదాన్ని అమ్మకూడదని లేదు, కానీ హలాల్ కాదని ప్యాక్ మీద స్పష్టంగా రాయాలి. 1995లో వార్దా బ్రాండ్ వచ్చినప్పుడు హలాల్ అనేది మిగతావాళ్ల కంటే వేరుగా కనపడటానికి పనికొచ్చింది, ఇప్పుడు అది లేకపోతే షెల్ఫ్‌లో చోటే కష్టం.

ఇంకో మార్పు ఉంది, చాలామంది దాన్ని తేలిగ్గా తీసుకున్నారు. ఇదివరకు సర్టిఫికెట్‌కి నాలుగేళ్ల కాలపరిమితి ఉండేది. 2022 డిసెంబర్ చివర్లో వచ్చిన అత్యవసర ప్రభుత్వ ఉత్తర్వుతో ఆ కాలపరిమితి తీసేశారు, పదార్థాలు, తయారీ పద్ధతి మారనంతవరకు సర్టిఫికెట్ చెల్లుతూనే ఉంటుంది. రెన్యూవల్ బాధ తప్పిందని బ్రాండ్ ఓనర్లు సంతోషపడ్డారు. నాకైతే బరువు అప్పుడే పెరిగిందనిపించింది, ఎందుకంటే మారనంతవరకు అన్న ఆ ఒక్క ముక్కలోనే మొత్తం ఉంది, అంటే పర్చేజ్ వాళ్లు సప్లయర్‌ని మార్చిన ప్రతిసారీ, సప్లయర్ తన సోర్స్‌ని మార్చిన ప్రతిసారీ సర్టిఫికెట్ సంగతి మళ్లీ చూసుకోవాల్సిందే.

పదార్థాల విషయం తెలియనివాళ్లకి ఒక ఉదాహరణ చెప్తా. స్టియరిక్ యాసిడ్ తీసుకోండి. పామాయిల్ నుంచి తీయొచ్చు, ఆవు కొవ్వు నుంచి తీయొచ్చు, పంది కొవ్వు నుంచీ తీయొచ్చు. బాగా శుద్ధి చేశాక మూడింటిలో ఉండే అణువు ఒకటే, డీఎన్‌ఏ మిగలదు కాబట్టి పంది డీఎన్‌ఏ పట్టుకునే పీసీఆర్ టెస్ట్ పెట్టినా ఏమీ దొరకదు. గ్లిజరిన్ అంతే, దాని నుంచి తయారయ్యే ఎమల్సిఫయర్లూ, అంటే క్రీములో నూనె, నీళ్లు విడిపోకుండా కలిపి ఉంచేవీ అంతే. ల్యాబ్ రిపోర్ట్ మీద ఆధారపడే క్వాలిటీ వాళ్లకి ఇది మింగుడు పడదు, వచ్చిన లాట్ స్పెసిఫికేషన్‌కి అచ్చుగుద్దినట్టు సరిపోతుంది, అయినా హలాల్ అని చెప్పడానికి ఆ లాట్‌లో ఏమీ లేదు. అది ఎక్కడ, దేని నుంచి, ఏ లైన్ మీద తయారైందో చెప్పే కాగితాల వరసే సాక్ష్యం, ఆ వరస ఒక్కచోట తెగినా సరుకు వాడటానికి లేదు.

2023 మొదట్లో సరిగ్గా అదే జరిగింది. ఆ ఏడు రంజాన్ నెల మార్చి 23న మొదలైంది. ఇక్కడ పండగ బోనస్, అదే టీహెచ్ఆర్, ఉద్యోగులకి లెబరాన్‌కి (రంజాన్ నెల ముగిశాక వచ్చే ఈద్ పండగకి) కనీసం ఏడు రోజుల ముందు ఇచ్చేయాలి, దాంతో జనం చేతిలోకి డబ్బొస్తుంది, బట్టలతో పాటు కాస్మెటిక్స్ కూడా బాగా అమ్ముడవుతాయి. పైగా పండగ ప్రతి ఏడాదీ సుమారు 11 రోజులు ముందే వస్తుంది కాబట్టి పోయిన ఏడాది ఇదే నెల ఎంత అమ్మాం అని చూసే ఫోర్‌కాస్ట్ తప్పుతుంది, హిజ్రీ, అంటే ఇస్లామిక్ క్యాలెండర్ నెలతో పోల్చి చూసుకోవాలి. సొంతూళ్లకి వెళ్లే జనం కోసం పండగ చుట్టుపక్కల రోజుల్లో టోల్ రోడ్ల మీద పెద్ద లారీలకి ఆంక్షలు పెడతారు, కాబట్టి సరుకు అంతకు చాలా ముందే గోడౌన్లకి చేరిపోవాలి. అంత టైట్‌గా ఉన్న టైమ్‌లో మా క్రీములన్నిటికీ ఆధారమైన ఎమల్సిఫయర్ లోడ్ వచ్చింది, గ్లిజరిల్ స్టియరేట్ రకం, తెల్ల గుళికలు, 25 కేజీల బస్తాలు.

రిసీవింగ్‌లో ఉన్న కుర్రాడు బస్తా లేబుల్ ఫోటో తీసి సిస్టమ్‌లో ఎక్కించేటప్పుడు ఆగిపోయాడు. ట్రేడ్ నేమ్ అదే, తయారీదారు అదే, లాట్ నంబర్ తీరు అదే, కింద చిన్న అక్షరాల్లో ఉన్న తయారీ స్థలం మాత్రం వేరే దేశం. వెంటనే హలాల్ సూపర్‌వైజర్ దగ్గరికి ప్రింట్ తీసుకెళ్లి, "బు (మేడమ్), బస్తా మీద ఊరు మారింది, సర్టిఫికెట్‌లో ఈ ప్లాంట్ లేదు" అన్నాడు. ఆవిడ సర్టిఫికెట్ తీసి రెండూ పక్కపక్కన పెట్టి చూసి, "హోల్డ్ ట్యాగ్ వేసేయ్ మాస్ (తమ్ముడూ), ఒక్క బస్తా కూడా కదలకూడదు" అంది. ఆ కుర్రాడికి ఈ లేబుల్ చూడాలని ఎవరూ ప్రత్యేకంగా చెప్పలేదు, తనకి తనే గమనించాడు, ఆ తర్వాత మేం పెట్టిన రిసీవింగ్ చెక్‌షీట్ మొత్తం తనతో కూర్చునే రాశాం.

హలాల్ సర్టిఫికెట్ కంపెనీ పేరు మీదే కాదు, ప్లాంట్ అడ్రస్ మీద కూడా ఉంటుంది. తయారీదారు తన లోపలి లెక్కల కోసం ఉత్పత్తిని ఒక ప్లాంట్ నుంచి ఇంకో ప్లాంట్‌కి మార్చుకున్నాడు, డిస్ట్రిబ్యూటర్‌కి ఇదేమంత పెద్ద విషయంగా తోచలేదు, మాకు చెప్పలేదు. తర్వాత తేలిందేంటంటే కొత్త ప్లాంట్‌లోనూ పామాయిలే వాడుతున్నారు, కానీ ఆ సంగతి రుజువు చేసే సర్టిఫికెట్ అప్‌డేట్ అయ్యి మా చేతికొచ్చేసరికి సీజన్ దాటిపోయేది. సేల్స్ వాళ్ల నుంచి ఒత్తిడి వచ్చింది, పామాయిలే కదా, పేపర్ ఎలాగూ వస్తుంది కదా, ముందు బ్యాచ్ వేసేద్దాం అని. సూపర్‌వైజర్ ఒప్పుకోలేదు, ప్లాంట్ హెడ్ ఆవిడ వెనకే నిలబడ్డాడు, అది ఆ రోజు జరిగిన అన్నిటికంటే మంచి పని అని నేను ఇప్పటికీ అనుకుంటా. చివరికి పాత ప్లాంట్ నుంచి వచ్చిన స్టాక్ కొంత సురబాయాలో ఇంకో డిస్ట్రిబ్యూటర్ దగ్గర దొరికితే ఎక్కువ రేటుకి కొని లారీలో తెప్పించాం. కొన్ని ఆర్డర్లు పూర్తిగా వెళ్లాయి, కొన్ని సగమే వెళ్లాయి, ఒక బ్రాండ్ ఓనర్ ఇప్పటికీ ఆ సగం గురించి ఎత్తుతుంటాడు.

పండగ అయ్యాక మీటింగ్‌లో ఫైనాన్స్ వైపు నుంచి వచ్చిన మొదటి సలహా సేఫ్టీ స్టాక్ పెంచుదాం అని. మామూలు సప్లై చైన్‌లో అది సహజమైన ఆలోచనే. ఇక్కడ దానికి రెండు అడ్డంకులున్నాయి. స్టాక్ ఎంత ఉన్నా అది తప్పు ప్లాంట్‌దైతే గోడౌన్ నిండా హోల్డ్ ట్యాగ్‌లే ఉంటాయి. రెండోది, మా ఇంపోర్టెడ్ ముడిసరుకు డాలర్లలో కొంటాం, రూపియాల్లో అమ్ముతాం, స్టాక్‌లో డబ్బు ఇరుక్కుంటే రూపియా పడినప్పుడల్లా దెబ్బ. 2024 ఏప్రిల్‌లో డాలర్ 16,000 రూపియాలు దాటినప్పుడు ఆ మాట అన్న ఫైనాన్స్ వాళ్లే మాతో ఏకీభవించారు.

మేం చేసిన అసలు పని ముడిసరుకుల లిస్ట్‌ని వేరే చూపుతో చూడటం. అప్పటిదాకా ఏ పదార్థం మీద ఎంత ఖర్చు అవుతుందన్న లెక్కన ముఖ్యమైనవి, కానివి అని విడగొట్టేవాళ్లం. దాన్ని పక్కన పెట్టి, ఇది రేపు ఆగిపోతే ఇంకోదాన్ని చట్టబద్ధంగా వాడటానికి ఎంత కాలం పడుతుంది అనే ప్రశ్నతో మొదలుపెట్టాం. లిస్ట్ తలకిందులైపోయింది. నెలకి కొన్ని కేజీలు మాత్రమే వాడే చిన్న పదార్థాలు పైకి వచ్చేశాయి, టన్నుల్లో కొనేవి కొన్ని కిందకి దిగిపోయాయి.

హలాల్ సర్టిఫికెట్ అక్కర్లేని పదార్థాల లిస్ట్ ఒకటి ప్రభుత్వమే ఇచ్చింది, మత వ్యవహారాల మంత్రి 2021లో ఇచ్చిన 1360వ నంబర్ నిర్ణయం. ఖనిజాలు, ఏ సహాయక పదార్థం కలపకుండా తీసిన మొక్కల పదార్థాల్లాంటివి అందులోకి వస్తాయి. కానీ అక్కడ కూడా కళ్లు తెరుచుకునే ఉండాలి. ఐరన్ ఆక్సైడ్, టైటానియం డయాక్సైడ్, మైకా ఖనిజాలే, అయితే క్రీములో బాగా కలవడానికి, చర్మం మీద జారడానికి వాటికి కోటింగ్ వేసి అమ్ముతారు, ఆ కోటింగ్ స్టియరిక్ యాసిడ్ కావొచ్చు, మెగ్నీషియం మిరిస్టేట్ కావొచ్చు, అంటే మళ్లీ కొవ్వు ఎక్కడిది అన్న ప్రశ్న దగ్గరికే వస్తాం. విటమిన్ ఎ విషయమూ అలాంటిదే, నూనె రూపంలో వస్తే ఒక సంగతి, చిన్న పూసల్లా వస్తే ఆ పూస పైపొర జంతువుల చర్మం, ఎముకల నుంచి తీసే జెలటిన్ అయ్యుండొచ్చు. గ్లిజరిన్ పామాయిల్‌దే అయినా దాన్ని తెల్లగా చేయడానికి వాడిన యాక్టివేటెడ్ కార్బన్ కొబ్బరి చిప్పలదా, బొగ్గుదా, ఎముకలదా అని అడుగుతారు. ట్యాంకర్‌లో వచ్చే సరుకైతే ఆ ట్యాంకర్ అంతకుముందు ఏం మోసింది, ఎలా కడిగారు అని కూడా. డిస్ట్రిబ్యూటర్ డ్రమ్ము తెచ్చి చిన్న క్యాన్లలోకి మార్చి అమ్ముతుంటే ఆ మార్చే చోటు కూడా మన సప్లై చైన్‌లో భాగమే, అక్కడి పేపర్లూ కావాలి.

అలా పైకి వచ్చిన పదార్థాలకి ఒక్కోదానికి కనీసం ఇంకో తయారీదారుని, వీలైతే ఇంకో దేశం నుంచి, ముందే మా రిజిస్టర్డ్ లిస్ట్‌లో చేర్పించడం మొదలుపెట్టాం. చెప్పినంత తేలిక కాదు. ఎమల్సిఫయర్ మారితే క్రీము చిక్కదనం మారొచ్చు, వేడికి విడిపోవచ్చు, అందుకని 40 డిగ్రీల దగ్గర మూడు నెలల స్టెబిలిటీ టెస్ట్ పెట్టి చూడాలి, ఆర్ అండ్ డీ వాళ్లకి ఇది కొత్త ప్రొడక్ట్ చేసినంత పని, కానీ చివర్లో చూపించుకోవడానికి కొత్తదేమీ ఉండదు. అందుకే వాళ్లు వెనకాడారు. కొనని సరుకు మీద ల్యాబ్ టైమ్ ఎందుకు అని పైనుంచీ అడిగారు. మేం రంజాన్‌కి ముందు ఆగిన బ్యాచ్‌ల లిస్ట్, సగం వెళ్లిన ఆర్డర్ల లిస్ట్ టేబుల్ మీద పెట్టాం, ఇంకేమీ వాదించలేదు. ల్యాబ్ టైమ్‌లో కొంత భాగం ప్రత్యామ్నాయాలకే అని రాసిపెట్టారు, ఆ గంటల్ని కొత్త ప్రొడక్ట్‌లు లాక్కోకూడదు అన్న షరతుతో.

సిస్టమ్‌లో చేసిన మార్పు చిన్నదే. ఇదివరకు ఒక పదార్థానికి ఒకటే కోడ్, దాని కింద ఎంతమంది సప్లయర్లైనా. ఇప్పుడు పదార్థం, తయారీదారు, ప్లాంట్ మూడూ కలిస్తేనే ఒక కోడ్, దానికి సర్టిఫికెట్ తగిలించి లేకపోతే పీఓ (పర్చేజ్ ఆర్డర్) బయటికి వెళ్లదు. పర్చేజ్‌లో పనిచేసేవాళ్లకి మొదట్లో చిరాకు, కోడ్‌లు ఎక్కువైపోయాయని. కానీ సరుకు గేటు దగ్గరికొచ్చాక ఆగడం కంటే పీఓ దగ్గర ఆగడం ఎంతో నయం, ఇంకా డబ్బు కదల్లేదు, ఓడ కదల్లేదు.

వీటన్నిటికంటే ఎక్కువ పనిచేసింది హలాల్ సూపర్‌వైజర్ కూర్చునే చోటు మార్చడం. చట్టం ప్రకారం కంపెనీలో ఈ పోస్ట్ ఉండి తీరాలి, ఆ వ్యక్తి ముస్లిం అయ్యుండాలి, హలాల్ విషయంలో షరియా తెలిసుండాలి. చాలా ఫ్యాక్టరీల్లో ఆ పోస్ట్‌ని క్యూఏ (క్వాలిటీ విభాగం) మూలలో ఫైళ్లు చూసే పనిగా ఉంచేస్తారు, మా దగ్గరా అంతే ఉండేది, అన్నీ నిర్ణయమైపోయాక సంతకం కోసం ఆవిడ టేబుల్ మీదకి వచ్చేవి. ఇప్పుడు బ్రాండ్ ఓనర్ కొత్త ప్రొడక్ట్ బ్రీఫ్ ఇచ్చే మొదటి మీటింగ్‌లోనే ఆవిడ ఉంటుంది, నెలవారీ ప్లానింగ్ మీటింగ్‌లోనూ ఉంటుంది, ఆపే అధికారం రాతపూర్వకంగా ఉంది. ఒకాయన కొల్లాజెన్ సీరమ్ కావాలని వచ్చాడు. ఆవిడ అడిగిన మొదటి ప్రశ్న, "చేపదా పాక్ (సార్), ఆవుదా? ఆవుదైతే హలాల్‌గా కోసిన రుజువు కూడా కావాలి, టైమ్ పడుతుంది." అక్కడికక్కడే చేప చర్మం కొల్లాజెన్ అని తేలిపోయింది. అదే ప్రశ్న ఫార్ములా, శాంపిల్స్, డిజైన్ అన్నీ అయ్యాక వచ్చుంటే ఆయనా మేమూ మళ్లీ మొదటికి వచ్చేవాళ్లం.

ఈ ఏర్పాట్లకి మొదటి పరీక్ష డిమాండ్ వైపు నుంచి వచ్చింది. 2023 అక్టోబర్ 4న, కొత్త వాణిజ్య మంత్రిత్వ శాఖ నిబంధన తర్వాత, ఇండోనేషియాలో టిక్‌టాక్ షాప్ ఆగిపోయింది, మళ్లీ డిసెంబర్ 12న టోకోపీడియా అనే అక్కడి ఆన్‌లైన్ షాపింగ్ సంస్థతో కలిసి వచ్చింది. మా క్లయింట్లలో కొందరి అమ్మకాలు దాదాపు అక్కడే. వాళ్ల ఆర్డర్లు ఆగాయి, వేరే చానెళ్లలో ఉన్న బ్రాండ్లవి పెరిగాయి. అప్పటికే చాలా బ్రాండ్ల క్రీములకి ఒకే బేస్ పెట్టుకున్నాం, రంగు, వాసన, యాక్టివ్‌లు చివర్లో కలిపేలా, కాబట్టి ఒక బ్రాండ్ కోసం తెచ్చిన పదార్థాలు ఇంకో బ్రాండ్‌కి వెళ్లాయి, ఆ బేస్‌లోని ప్రతి పదార్థం హలాల్ లిస్ట్‌లో అందరికీ అప్రూవ్ అయి ఉంది కాబట్టి ఎవరినీ మళ్లీ అడగాల్సిన పనిలేకపోయింది. ఒక జాగ్రత్త చెప్పాలి, బేస్‌ని తయారుచేసి ట్యాంకుల్లో నిల్వ పెట్టుకోమని కాదు, ఎన్ని రోజులు ఉంచొచ్చో వాలిడేట్ చేసిన హద్దు ఉంటుంది, సూక్ష్మజీవుల సమస్య వస్తుంది. కామన్‌గా ఉంచింది ముడిపదార్థాల్ని.

రెండో పరీక్ష సముద్రం వైపు నుంచి. 2023 చివరి నుంచి ఎర్ర సముద్రంలో ఓడల మీద దాడులతో యూరప్ సరుకు సూయజ్ వదిలి ఆఫ్రికా చుట్టూ తిరిగి రావడం మొదలైంది. మాకు ఆలివ్ నుంచి తీసే స్క్వాలేన్, చర్మాన్ని మెత్తగా ఉంచే నూనె లాంటి పదార్థం, అటునుంచే వచ్చేది. చెరకు చక్కెరని పులియబెట్టి చేసే స్క్వాలేన్ ప్రత్యామ్నాయంగా అప్పటికే లిస్ట్‌లో ఉంది, స్టెబిలిటీ అయిపోయింది, మార్చేశాం. బయటికి ఇది మామూలు మార్పులా కనిపిస్తుంది, కానీ పులియబెట్టి చేసే ఏ పదార్థమైనా ఇండోనేషియాలో ప్రత్యేకంగా చూస్తారు, దానికి కారణం 2000-2001 నాటి అజినొమొటో కంపెనీ వ్యవహారం. మోనోసోడియం గ్లుటమేట్ (వంటల్లో రుచి కోసం వేసే పొడి) తయారీకి బ్యాక్టీరియాని పెంచే మీడియంలో ఒక పదార్థాన్ని బాక్టోసోయ్‌టోన్‌తో మార్చారు, ఆ బాక్టోసోయ్‌టోన్‌ని చేయడానికి పంది నుంచి తీసిన ఎంజైమ్ వాడారు. చివరి ప్రొడక్ట్‌లో పంది తాలూకు ఏదీ లేదు, అయినా ఎంయూఐ హరామ్ అంది, మార్కెట్ నుంచి సరుకు వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. మూల కారణం ఒక ముడిసరుకు మార్పు. అందుకే స్క్వాలేన్‌కైనా, హైల్యూరోనిక్ యాసిడ్‌కైనా మేం అడిగే మొదటి పేపర్ ఆ సూక్ష్మజీవికి ఏం తినిపించారు అన్నదాని మీదే, మా సప్లయర్ దగ్గర ఆ పేపర్ ముందే తీసుకోవడం వల్లే మార్పు తేలికైంది.

ఎగుమతికి వెళ్లే లిప్ టింట్‌ల విషయం వేరే చిక్కు. కొచినీల్ పురుగు నుంచి వచ్చే కార్మైన్ ఎరుపుని ఎంయూఐ 2011లో హలాల్ అంది, అన్ని మజ్‌హబ్‌ల (ఇస్లామిక్ న్యాయ సంప్రదాయాల) పండితులూ ఆ మాట ఒప్పుకోరు, కొన్ని మార్కెట్లలో కొనేవాళ్లు వద్దంటారు. అందుకని ఎగుమతి షేడ్లకి ఐరన్ ఆక్సైడ్‌లు, సింథటిక్ లేక్ రంగులతో వేరే ఫార్ములా పెట్టాం, షేడ్ కొద్దిగా తేడా వస్తుంది, ఆ సంగతి క్లయింట్‌కి ముందే చూపిస్తాం.

ఇంకా సర్దుకోనిది ఫ్రాగ్రెన్స్. ఒక్క వాసనలో డజన్లకొద్దీ పదార్థాలుంటాయి, ఫ్రాగ్రెన్స్ కంపెనీ ఫార్ములా బయటపెట్టదు, వాళ్ల సర్టిఫికెట్ మీదే ఆధారపడాలి, పైగా క్రీము చిక్కదనం కొంచెం మారితే కస్టమర్ పట్టించుకోకపోవచ్చు గానీ వాసన మారితే మూత తీయగానే తెలిసిపోతుంది. అందుకే రెండో ఫ్రాగ్రెన్స్ హౌస్ నుంచి దగ్గరగా ఉండే వాసన తయారుచేయించి, ఆర్డర్ మొదట్లోనే బ్రాండ్ ఓనర్‌కి రెండూ చూపించి, అవసరమైతే రెండోది వాడతాం అని సంతకం తీసుకుంటున్నాం. కొందరు ఒప్పుకుంటున్నారు, కొందరు ససేమిరా అంటున్నారు. ఒప్పుకోని వాళ్ల ఆర్డర్లకి లీడ్ టైమ్ ఎక్కువ కోట్ చేస్తున్నాం, ఎందుకు ఎక్కువో కొటేషన్‌లోనే రాస్తున్నాం.